చూచువాని ఋణము

హిందూపురము మీదుగా లేపాక్షికి పోవు వీరశైవ కుటుంబములు వీరభద్రస్వామిని సేవించి, వ్రేలాడు స్తంభము క్రింద వస్త్రము జార్చి చూచి, ఊరి వెలుపల ఏకశిలానందికి మ్రొక్కి మరలి వచ్చుట పరిపాటి. ఆ ఊరి పేరునకు జనులు చెప్పుకొను కథ అందఱెఱిగినదే. రావణుని కత్తికి రెక్కలు తెగి నేల కూలిన జటాయువును జూచి శ్రీరాముడు లెమ్మని పిలిచినందున అది లేపాక్షి యైనదందురు. చరిత్రకారులు దీని నొప్పుదురో ఒప్పరో అది వేఱు మాట. నేల బడిన యొక పక్షిని లెమ్మనిన పిలుపునే తన పేరుగా తలచుకొను ఊరు ఈ సీమలో నున్నదనుట మాత్రము నిజము.

అదే హిందూపురము ప్రాంతమున, చిలమత్తూరు మండలములో, వీరాపురమను చిన్న గ్రామము కలదు. 2022 ఏప్రిల్ వఱకు అది అనంతపురము జిల్లాలోనిది. ఇప్పుడు హిందూపురము, పెనుకొండ, ధర్మవరములతో పాటు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. లేపాక్షిలో పక్షి రాతిలోను కథలోను ఉన్నది. వీరాపురములో చింతచెట్లపై ప్రాణముతో నున్నది. ఏటేటా చలికాలము ముగియు వేళకు ఎఱ్ఱకాళ్ళ కొంగలు గుంపులుగా వచ్చి, ఇండ్ల నడుమనున్న చింతచెట్ల కొమ్మలపై పుల్లలతో గూళ్ళు కట్టి, గ్రుడ్లు పెట్టి పిల్లలను పొదిగి, శ్రావణ భాద్రపదముల నాటికి రెక్కలు వచ్చిన పిల్లలతో వెడలిపోవును. ఊరివారు వాటిని కొట్టరు, కొట్టనీయరు. గూళ్ళున్న కొమ్మల జోలికి పోరు. ఆ పక్షులు వచ్చిన యేడు వానలు పడునని, ఊరికి శుభమని వారి నమ్మకము.

ఆ పక్షి చూడదగినదే. తెల్లని మేను, నల్లని రెక్కలు, రొమ్మునకు అడ్డముగా నల్లని పట్టీ, తోక యొద్ద గులాబి వన్నె ఈకలు, కొనయందు కొంచెము వంగిన పొడవైన పసుపు ముక్కు, వెండ్రుక లేని నారింజ వన్నె ముఖము. ధర్మవరపు మగ్గముపై చేయి తిరిగిన నేతగాడు ఒంటి రంగునకు పేటు రంగు కుదిర్చినట్లు, ఆ తెలుపు నలుపుల చివర గులాబిని ఎవరో కుదిర్చినట్లుండును. కావుననే దానిని చూచుటకు బెంగళూరు నుండి, హిందూపురము నుండి, ఇంకను దూరము నుండి జనులు వత్తురు. దుర్భిణులు, పెద్ద పెద్ద కెమెరాలు తెత్తురు. అందు కొందఱు పక్షులను జూచుటనే నియమముగా పెట్టుకొనిన సంఘములవారు.

అట్టి సంఘములు తెలుగు దేశమునకు క్రొత్త కాదు. ఆంధ్రప్రదేశ్ పక్షివీక్షకుల సంఘము 1980లో హైదరాబాదున ఏర్పడినది. అది నడిపిన పత్రికకు 'పిట్ట' యని చక్కని తెలుగు పేరే పెట్టుకొనిరి. అంతకు చాల ముందు, 1930 దశకపు మొదటిలోనే, సాలిం అలీ నిజాము రాజ్యమంతట తిరిగి పక్షుల సర్వే చేసెను. 1987 నుండి ప్రతి సంవత్సరము జనవరి మాసములో ఆసియా ఖండమందలి అనేక దేశములలో నీటిపక్షుల గణన జరుగుచున్నది. చెరువుగట్టున నిలిచి తెల్లవాఱుజామున కొంగలను, బాతులను, ఉల్లంకి పిట్టలను ఒక్కొక్క జాతిగా లెక్కించి వ్రాసి పంపువారు జీతము గొన్నవారు కారు. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, వైద్యులు.

ఇక్కడ ఒక దృశ్యమును ఊహింపవచ్చును. చింతచెట్టు క్రింద ఒక అవ్వ కూర్చున్నది. చెట్టు ఆమెది. పట్టణమునుండి వచ్చిన యువకుడొకడు గంటసేపు తల పైకెత్తి చూచి, ఇన్ని గూళ్ళని, ఇన్ని పిల్లలని పుస్తకములో వ్రాసికొని, నీళ్ళడిగి త్రాగి, చెంబు తిరిగి ఇచ్చుచుండగా ఆమె యడుగును: “చూసినారు గదా నాయనా, ఇంగ ఏం చేస్తారు?” ఆ ప్రశ్నలో వెటకారము లేదు. ఆమెకు నిజముగా తెలియదు, అడుగుచున్నది. యువకుడు మాత్రము “ఏం లేదవ్వా, ఊరికే చూడనీకి వచ్చినాము” అనక తప్పదు.

ఊరక చూచుట అను నదొక కర్మమా? దానికి ఋణమేమైన కలదా? ఈ వ్యాసమునకు ప్రశ్న ఇదియే.

అవ్వ పోగొట్టుకొనునదేమో మొదట గణింపవలెను. చింతకాయ పండి ఒలుచుటకు పదునుకు వచ్చునది పుష్య మాసము నుండి చైత్రము వఱకు. సరిగా ఆ నెలలలోనే కొంగలు కొమ్మలపై కాపురముండును. కొమ్మ ఊపినచో గ్రుడ్డు జాఱును. కఱ్ఱతో దులిపినచో పిల్ల పడును. కనుక పండు కొంత కొమ్మపైననే మిగులును, కొంత రెట్టలో రాలును. రాయలసీమ వంటి వానకఱవు నేలలో, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే పడు చోట, వేరుశనగ ఎండినను చేతికి నాలుగు కాసులిచ్చునది చింతచెట్టే. దానిపై రెట్టల తెలుపు, పిల్లలకు ఉమిసి పెట్టిన చేపలు క్రింద పడి క్రుళ్ళిన వాసన, పగలంతయు ముక్కుల టకటక. ఎఱ్ఱకాళ్ళ కొంగకు పెద్ద గొంతు లేదు. ముక్కు రెండు దవడలను కొట్టుకొని శబ్దము చేయును. వందల ముక్కులు ఒక్కసారి మ్రోగినచో మధ్యాహ్నము కునుకు పట్టదు. ఇవన్నియు నెలల తరబడి సహించుట చిన్న విషయము కాదు. వచ్చినవానికి గంటసేపు అది అందము. ఉన్నవారికి ఏడు నెలలు అది కాపురము.

అయితే ఊరివారు శుభమును కోరియే కదా సహించుచున్నారు, కోరికతో చేసినది దాసోహమగునా యని తర్కించువారు కలరు. వీరశైవ గృహములలో దాసోహమునకు అర్థము తెలియనివారుండరు. ఫలము కోరక, తాను పెట్టుచున్నానను భావమైనను లేక, జంగమమునకు సమర్పించునది దాసోహము. ఆ కొలతతో కొలిచినచో వాన కొఱకు కొంగను కాచుట బేరము వలె కనిపించును. కాని కొంచెము నిలిచి చూడవలెను. బేరములో రెండు వైపులు తూగవలెను. ఇక్కడ చింతపండు నష్టము ఏటేటా నిశ్చయము, వాన సంశయము. కఱవులు తెఱపి లేక వచ్చిన సీమలో, ఫలితము రాని యేండ్లలో కూడ బేరము విడువనివానిని వర్తకుడనరు. వాని నోట శుభమను మాట యున్నను, వాని చేతిలో నున్నది వేఱొకటి. మనుష్యుడు తాను చేయు మంచికి చెప్పు కారణము కంటె ఆ మంచి తఱచు పెద్దదిగా నుండును.

వారి నమ్మకములో సరిదిద్దవలసిన దొకటి మాత్రము కలదు. ఈ కొంగలు సైబీరియా నుండి వచ్చుచున్నవని ఊరివారును, పత్రికలును చెప్పుచుందురు. అది సరి కాదు. ఎఱ్ఱకాళ్ళ కొంగ భారత, సింహళ దేశములలోను, దానికి తూర్పుననున్న కొన్ని దేశములలోను వసించు పక్షి. నీరున్న చోటికి, మేత యున్న చోటికి ఇక్కడిక్కడనే తిరుగును. ఇక్కడనే పుట్టును, ఇక్కడనే పెంచును. అంత ఉత్తరమునుండి వచ్చునవి వేఱు. తలపై రెండు నల్లని పట్టీలు గల బాతు మంగోలియా, టిబెట్టు ప్రాంతముల నుండి హిమాలయములను దాటి దక్షిణాది చెరువులకు వచ్చును. అది వచ్చునది చలి గడపుటకే, పిల్లలను చేయుటకు కాదు. గూడు కట్టునది అతిథి కాదు, గృహస్థు.

దూరపు కొండలు నునుపన్నట్లు, సైబీరియా అనగానే గౌరవము హెచ్చును. పొరుగు చెరువు కొంగ యన్నచో తగ్గునేమో! ఇది నవ్వుకొనదగిన విషయమువలె తోచును గాని, దీనిలో ధర్మసూక్ష్మమున్నది. ఎక్కడినుండియో వచ్చిన అతిథిని ఆదరించుట సులభము, అతిథి పోవును. పొరుగువానిని, నిత్యము కంటికి కనబడువానిని, తన చెరువులోనే తన చేపకే పోటీ వచ్చువానిని ఆదరించుట కష్టము. కొంగ పొరుగుదని తెలిసినచో దాని చెరువు కూడ ఊరి బాధ్యత యగును. సైబీరియా పక్షి రాకపోయినచో తప్పు సైబీరియాపై నెట్టవచ్చును. పొరుగు పక్షి రాకపోయినచో చెరువును చూచుకొనవలెను. ఈ నిజమును చెప్పగలిగినది ఏండ్ల తరబడి చూచి, లెక్కించి, వ్రాసి యుంచిన పక్షివీక్షకుల పుస్తకములే. అవ్వ ప్రశ్నకు ఒక జవాబిందు గలదు: చూచినవాడు నిజము చెప్పి ఋణము తీర్చవలెను. ఇది చాలునా యన్నచో, చాలదు.

తెలుగు భాష కొంగకు ఒక అన్యాయము చేసినది. కపటధ్యానమునకు కొంగజపమని పేరు పెట్టినది. ఒంటికాలిపై కదలక నిలిచి, చేప రాగానే పొడుచు తెల్లకొంగను జూచి పుట్టిన మాట అది. ఎఱ్ఱకాళ్ళ కొంగ ఆ జపమైనను చేయదు. మోకాలి లోతు కంటె తక్కువ నీటిలో నడచుచు, ముక్కు కొంచెము తెఱచి నీటిలో ముంచి, అటు నిటు ఊపుచు, కాలితో అడుగున బురదను కదలించుచుండును. చేప ముక్కునకు తగిలిన క్షణముననే దవడలు మూసికొనును. కన్నుతో వెదకదు, స్పర్శతోనే గ్రహించును. మనుష్యులు దేనిని చూచుటకు క్రోసుల దూరము వత్తురో ఆ పక్షి తన కూటిని చూపుతో సంపాదింపదు! నీటిలో కాలు పెట్టి, ముక్కు వంచి, పూట పూటకు శ్రమించును. ఇక కొంగజపమను మాట ఎవరికి తగును? గట్టుపై నిలిచి, రెప్ప వేయక చూచి, ఏమియు ఈయక, ఎవరి కష్టమును పంచుకొనక తిరిగిపోవువానికి తగును. ఆ మాటను ఈ పక్షి మీదినుండి తీసి అక్కడ పెట్టుట న్యాయము.

చూపునకు కూడ ఆశ కలదు. దీనిని పక్షివీక్షకులలో పెద్దలైనవారే ఒప్పుకొందురు. నూఱు జాతులను చూచినవాడు నూటయొకటవ దాని కొఱకు వెఱ్ఱియగును. దాగిన పిట్టను బయటికి రప్పించుటకు దాని కూతనే యంత్రములో పట్టి వినిపించువారు కలరు. పాపము, ఆ పిట్ట తన హద్దులోనికి శత్రువు వచ్చెనని పిల్లలను విడిచి వెదకికొనుచు వచ్చును. గూటి దగ్గఱకు పోయి, అడ్డము వచ్చిన ఆకులు త్రుంచి, బొమ్మ తీసికొనువారు కలరు. తల్లి లేచిపోయిన గూటిలో పిల్ల ఎండకు మాడును. రాయలసీమ ఎండలో ఎఱ్ఱకాళ్ళ కొంగ రెక్కలు చాపి పిల్లలకు గొడుగు పట్టి నిలుచుండును. అరగంట ఆ గొడుగు తొలగిన చాలును.

శరణుల చరిత్రలలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ ఇక్కడ తలపునకు రాక మానదు. కల్యాణములో రాలిన బియ్యపు గింజలను ఏరుకొని వచ్చి జంగమ దాసోహము నడుపుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు రోజూ కంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ ఎక్కువ ఆశచేత వచ్చినదని, అవసరమునకు మించినదని, ఎక్కడివి అక్కడనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. రాలిన గింజ ఎవరిదియు కాదు, ఏరుట దొంగతనము కాదు, తెచ్చినది దాసోహమునకే. అయినను ఆమె ఒప్పలేదు. దొంగిలింపని దానిలో కూడ ఎక్కువ యన్నది ఉండునని గుర్తించినది ఆ యిల్లాలు. చూపు కూడ రాలిన గింజ వంటిదే. పక్షిని చూచుటచేత పక్షికి తఱుగు లేదు; అది ఎవరి సొత్తును కాదు. కాని ఇంకొక అడుగు ముందుకు, ఇంకొక కొమ్మ ప్రక్కకు, ఇంకొక బొమ్మ యని పోవువానిని లక్కమ్మ వాకిట నిలిపియుండును. కల్యాణపు వీధిలోని ఆ కొలత చెరువుగట్టుకు సరిపోవును.

ఆశతో కూడిన చూపు ఎంత దూరము పోవునో ప్రక్క జిల్లాలో ఒక ఉదాహరణము కలదు. కలివికోడి యను పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. ఇక లేదనియే శాస్త్రజ్ఞులలో పలువురు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా అడవి యంచున, రాత్రివేళ పిట్టలు పట్టుటలో నేర్పు గల ఒక స్థానికుని చేతికి అది చిక్కెను. లోకమంతయు ఆశ్చర్యపడెను. కాని చేత చిక్కిన ఆ పక్షి బ్రతుకలేదు. దానిని పట్టినవాడు దుష్టుడు కాడు, పట్టుమన్నవారును దుష్టులు కారు; ఉన్నదని ఋజువు కావలెను గనుక పట్టిరి. ఆ ఋజువు వలననే తరువాత లంకమల అభయారణ్యము ఏర్పడి ఆ జాతికి ఒక నెలవు దొరకెను. ఒక ప్రాణము పోయి జాతికి రక్షణ వచ్చినది కదా యని తృప్తి పడవలెనా? ఈ లెక్కకు సులువైన సమాధానము లేదు.

దయ విషయములో ఇంకొక చిక్కు కూడ నున్నది. దీనిని దాచుట సత్యము కాదు. దయను ధర్మమునకు మూలముగా నిలిపిన బసవేశ్వరుని మార్గములోని గృహస్థులు మాంసము ముట్టరు. కొంగయో, చేప లేక బ్రతుకదు. గూటిలోని ఒక్కొక్క పిల్లకు పుట్టిననాటి నుండి ఎగురునంతవఱకు సుమారు రెండు నెలలు తల్లిదండ్రులు చేపలను, కప్పలను మ్రింగి తెచ్చి ఉమిసి పెట్టును. కొంగపై దయ చేపపై నిర్దయ కాదా? ఇట్టి ప్రశ్న వేసి నోరు మూయించితిమని సంతోషించువారు ప్రతి ఊరిలో నుందురు. వారికి ఒక మాట చెప్పవచ్చును. హిందూపురము పట్టుగూళ్ళకు పేరు పొందిన సంత. ఆ గూటిని మరిగించిననే గాని దారము రాదు. లోనిపురుగు అందుననే పోవును. ఆ దారమే ధర్మవరములో చీరయగును, ఆ చీరయే పెండ్లిలో శుభమగును. ఒక కొంగను వేలెత్తి చూపునప్పుడు మిగిలిన వ్రేళ్ళు ఎటు వంగియున్నవో చూచుకొనవలెను. దయ యన్నది ఏ ప్రాణికిని హాని లేని లోకమును సృజించుట యనినచో అది మానవశక్తికి మించినది. తన చేతిలో నున్న కొమ్మను ఊపకుండుట మాత్రము శక్తిలోనిది. మగ్గముపై బ్రతుకు నేతగానికి పురుగు విషయములో సంకటమున్నది, అది నిజమైన సంకటమే. కొంగకు చేప విషయములో సంకటము లేదు; ఎన్నిక యున్నచోటనే పాపపుణ్యములు. ఎన్నిక గలవాడు మనుష్యుడొక్కడే గనుక, ప్రశ్న ఎప్పుడును వానివైపే తిరుగును.

ఆ ఎన్నిక నిజముగా తేలునది చెట్టు క్రింద కాదు, చెరువులో. వీరాపురపు చింతచెట్లు గూళ్ళకు చోటిచ్చును గాని కూడు పెట్టవు. కూడు చుట్టుప్రక్కల చెరువులలోనిది. పెన్న హిందూపురము ప్రక్కగా, చిత్రావతి బుక్కపట్నము, ధర్మవరముల వైపుగా ప్రవహించునని పుస్తకములలో నుండును. పెక్కు నెలలు అవి ఇసుకయే. అందుచేతనే పూర్వులు ప్రతి పల్లమునకు కట్ట వేసి చెరువు చేసిరి. పెనుకొండ చెరువు, బుక్కపట్నము చెరువు, ధర్మవరము చెరువు విజయనగర రాజుల నాటి పేర్లతో ముడిపడినవి. తల్లి ధర్మాంబ పేర క్రియాశక్తి ఒడెయరు ధర్మవరము ఊరిని, చెరువును నిర్మించెనని స్థలపురాణము. క్రియాశక్తి యను పేరు శైవగురువుల పేరు. ఈ సీమలో చెరువు త్రవ్వించుటయు శివపూజలోని భాగముగానే ఎంచిరని దీనివలన తెలియును.

చెరువును నిత్యము చూచినవాడొకడు ప్రతి ఊర నుండెను. వాడు నీరుగంటి. ఏ తూము ఎప్పుడు ఎత్తవలెను, ఏ మడికి ఎన్ని గడియల నీరు, మరవ పాఱునా పాఱదా, కట్టలో ఎక్కడ ఎలుకబొఱియ పడినది, ఏ మూల పక్షులు దిగినవి యని వాని చూపు ఎల్లప్పుడు నీటిమీదనే. పక్షులు దిగిన మూల నీరు పలుచనైనదని వానికి తెలియును. కూలి గింజలకు చూచినను అది కాయకమే. చూపునకు బాధ్యత జతపడినది. బోరుబావులు వచ్చి నీరుగంటి పని పోయినది. చెరువులో కంపచెట్లు మొలిచినవి, అంచులు ఆక్రమణలైనవి, పూడిక పెరిగినది. ఇటీవలి కాలమున హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా జలము పెనుకొండ ప్రక్కన గొల్లపల్లి జలాశయమునకు చేరినది. చెరువులు నిండుట రైతునకు పండుగ. కాని అంచువఱకు లోతుగా నిలిచిన నీరు ఎఱ్ఱకాళ్ళ కొంగకు అక్కఱకు రాదు. దానికి కావలసినది మెల్లగా తగ్గుచు, చేపలను పలుచని నీటిలోనికి తెచ్చు అంచు. అట్టి అంచును పూడ్చి పొలము చేసినచో, లేక రాతికట్టడము చేసి విహారస్థలముగా తీర్చినచో, చెరువు నిండియు కొంగ పస్తుండును. నీరుగంటి యున్నచో ఈ మాట అడుగకయే చెప్పియుండును. ఆ స్థానమిప్పుడు ఖాళీగా నున్నది.

ఆ ఖాళీని నింపగలవారెవరన్నచో, కన్నడ దేశములో ఒక జవాబు దొరకును. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలో కొక్కరె బెళ్ళూరు అను గ్రామము కలదు. పేరులోనే కొంగలున్నవి. అక్కడ కూడ ఇండ్ల నడుమ చెట్లపై ఇవే ఎఱ్ఱకాళ్ళ కొంగలు, వాటితో పాటు గూడబాతులు గూళ్ళు కట్టును. పురిటికి పుట్టినింటికి వచ్చిన ఆడుబిడ్డలవంటివని ఆ ఊరివారందురు. చింతకాయ నష్టమునకు అటవీశాఖ చెట్ల యజమానులకు కొంత పరిహారమిచ్చు ఏర్పాటు చేసినది. 1990ల దశకములో మైసూరు నుండి వచ్చిన ప్రకృతిప్రియులు ఊరక చూచి పోలేదు. ఊరి యువకులతో కలిసిరి. గూటినుండి జాఱిపడిన పిల్లలను ఒకచోట చేర్చి, చేపలు పెట్టి పెంచి విడుచుట నేర్చుకొనిరి. ఆ యువకుల సంఘమునకు 'హెజ్జార్లె బళగ' యని పేరు. హెజ్జార్లె యనగా గూడబాతు. బళగ మన బలగమే, చుట్టపక్కములు. 2007లో ఆ గ్రామము సాముదాయిక అభయస్థలముగా ప్రకటింపబడినది. 2017–18లో నులిపురుగుల వ్యాధివలన అక్కడ గూడబాతులు వరుసగా చనిపోయినప్పుడు, ఆ చావులను వెంటనే గుర్తించి లెక్క చెప్పినవారుండిరి. చెరువుల నీరు చెడినదా, చేపలలో పురుగు చేరినదా యని విచారణ సాగుటకు ఆ లెక్కయే ఆధారమైనది.

సంఘమునకు బలగమని పేరు పెట్టుటలో చాల యున్నది. చుట్టము చూచుటకు వచ్చినప్పుడు వట్టి చేతులతో రాడు. వచ్చి మంచి చెడ్డలడుగును. పురిటి యింట ఒక పని అందుకొనును. చావు కబురు వచ్చినప్పుడు మొదట కదలునది బలగమే. హిందూపురములో గాని పెనుకొండలో గాని పక్షులను చూచు సంఘము కట్టదలచిన యువకులు వీరాపురమునకు పోవునప్పుడు వీక్షకులుగా పోవలెనా, బలగముగా పోవలెనా యని తేల్చుకొనిన తరువాతనే దుర్భిణి కొనుట మేలు.

మఠములకు ఇందు స్థానము లేకపోలేదు. ఈ ప్రాంతపు మఠములు పెక్కింటికి తోటలున్నవి, చెరువు క్రింద మడులున్నవి, ఆవరణలో పాత చింతచెట్లున్నవి. ఒకొక్క చింతచెట్టు గూళ్ళ గుంపును మోయగల పెద్దదగుటకు దశాబ్దములు పట్టును; వీరాపురములో ఇప్పుడున్న చెట్లు ఒకనాటికి కూలును. వాటి ప్రక్కన నేడే మొక్క నాటవలసి యున్నది, నాటు చేతికి ఆ మొక్కపై గూడు చూచు భాగ్యము బహుశః ఉండదు. గూళ్ళున్న చెట్టునకు ఎంత పండు పోయినదో ఊరిపెద్దల ఎదుట లెక్క కట్టి, అందు కొంత భాగము దాసోహపు పద్దులోనుండి చెట్టు యజమానికి చేర్చుట ఏ మఠమునకును భారము కాదు. జంగమము సంచరించునది గనుక జంగమమని పేరు. కాషాయము లేని సంచారి, నోరు విప్పి అడుగలేని సంచారి వాకిట వ్రాలినప్పుడు ఆ పద్దు మూయవలెనని ఏ శరణుడు చెప్పలేదు.

బడిపిల్లలకు ఒక పని యున్నది. జనవరిలో నీటిపక్షుల గణన జరుగు వారముననే ఊరి చెరువుపై ఒక ఉదయము గడపి, ఉపాధ్యాయుని చేత లెక్క వ్రాయించి పంపుట. ఏటేటా ఒకే చెరువు, ఒకే వారము, ఒకే గట్టు. మొదటి ఏడు అది ఆట. పదవ ఏడు అది చెరువు చరిత్ర. రామాయణము చదివిన బాలుడు లేపాక్షిలో జటాయువు కథ వినును. వీరాపురములో లెక్క వ్రాసినవాడు ఏ కొమ్మపై ఏ పిల్ల పడెనో కూడ ఎఱుగును. రెండును ఒకే సీమలో, ఒకే దినమున చూడదగిన దూరములో నున్నవి.

ఆ లెక్కల పుస్తకము ఎట్లుండవలెనో కూడ ముందే నిర్ణయించుకొనుట మంచిది. మామూలుగా మొదటి పుటలో పక్షుల పేర్లుండును. వీరాపురము విషయములో మొదటి పుటను చెట్లకు విడువవలెను: ఏ వీధిలో ఎన్ని చింతచెట్లు, ఏది ఎవరిది, ఏ యేడు ఎంత పండు దులపక విడిచిరి, ఆ యవ్వకు ఎంత చేరినది, ఎంత చేరలేదు. రెండవ పుటలో చెరువులు, వాటి నీటి మట్టము, మరవ పాఱిన తేది. కొంగలు మూడవ పుట నుండి.